“నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము”: సమాసం గురించి ఒక సందేహం

బ్రాడీపేట, గుంటూరు నుంచి:
అందరికీ వందనాలండీ. బైబిల్లో దావీదు రాజు రాసిన 51వ కీర్తన 12వ వచనం: “నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము, సమ్మతిగల మనస్సు కలుగజేసి నన్ను దృఢపరచుము.” మొన్న మా వీధిలో ఇంట్లో పెట్టుకునే ప్రార్థన కూడికలో (కాటేజీ ప్రేయర్‌లో) ఒక పెద్దావిడ, “ఆనందం పోయిందంటే రక్షణ పోయినట్టే. రెండూ ఒకే మాటగా కలిపి రాశారు చూడండి” అన్నారు. మా చెల్లికి కాన్పయిన దగ్గర్నుంచి మనసు బాగుండటం లేదు. పాట ఎత్తుకోమన్నా ఎత్తుకోదు. ఆ మాట విని ఇంకా కుంగిపోయింది. వ్యాకరణం ప్రకారం ఆ అర్థం వస్తుందా?

పటమట, విజయవాడ నుంచి:
రాదమ్మా. రక్షణ, ఆనందము కలిసి సవర్ణదీర్ఘ సంధి. సమాసం తత్పురుషం. దాన్ని విడదీసి “రక్షణ వలని ఆనందము” అని విగ్రహవాక్యం చెప్పండి, “రక్షణ యొక్క ఆనందము” అనండి, ఎలా చెప్పినా అవి రెండు. రక్షణ కారణం, ఆనందం దాని ఫలితం. రెండూ ఒకటే అనాలంటే “రక్షణ అనెడి ఆనందము” అని రూపకం చేయాలి. ఇక్కడ ముందున్న “నీ” దానికి అడ్డం. ఆ “నీ” పట్టుకునేది సమాసం లోపలున్న రక్షణనే, ఆనందాన్ని కాదు. నీవిచ్చిన రక్షణ, దానివల్ల నాకు కలిగిన ఆనందం అన్నమాట. బయటి పదం సమాసంలోని మొదటి పదంతో ఇలా ముడిపడటాన్ని వ్యాకరణం మామూలుగా ఒప్పుకోదు గానీ, అర్థం వెంటనే తెలిసేచోట చూసీచూడనట్టు వదిలేస్తుంది. సంస్కృతంలో “దేవదత్తస్య గురుకులమ్” అని పాత ఉదాహరణ ఉంది. దేవదత్తుడిది గురువుతో సంబంధం, కులంతో (అంటే ఇంటితో) కాదు.

దావీదు తిరిగి అడుగుతున్నది ఆనందాన్ని. రక్షణను “నీది” అని దేవుడి దగ్గరే ఉంచాడు.

గుణదల నుంచి:
మాస్టారూ, పై వచనం వదిలేశారు. 11లో “నీ పరిశుద్ధాత్మను నా యొద్దనుండి తీసివేయకుము” అని భయపడుతున్నాడు కదా? పోతుందన్న భయం లేకపోతే అలా ఎందుకంటాడు?

పటమట నుంచి:
భయం ఉంది, కాదనను. కానీ “తీసివేయకుము” అన్నది వ్యతిరేక విధి, అంటే వద్దని చెప్పే క్రియ. దగ్గర లేనిదాన్ని తీసివేయకుమని ఎవరూ బతిమాలరు. 12లో మాత్రం “మరల పుట్టించుము” అన్నాడు. ఆత్మ ఉంది, ఆనందం లేదు. ఆ రెండు క్రియలు చూస్తే మనిషి ఏ స్థితిలో ఉన్నాడో తెలిసిపోతుంది. హీబ్రూలో ఉన్న క్రియకు తిరిగి ఇవ్వు, మళ్లించు అని అర్థం. మనవాళ్లు “పుట్టించు” అన్నారు, నాకైతే నచ్చింది. ఆనందాన్ని మనంతట మనం తెచ్చిపెట్టుకోలేమన్నది అందులో తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఈ కీర్తన శీర్షికలోనే నాతాను ప్రవక్త దావీదు దగ్గరికి వచ్చినప్పటిది అని ఉంది. ఒకడి భార్యను తీసుకుని, ఆ మనిషిని చంపించిన రాజు మాటలివి. వాటిని తెచ్చి పచ్చి బాలింతకు అతికించడం అన్యాయం. అమ్మాయికి 42వ కీర్తన చదివి వినిపించండి. “నా ప్రాణమా, నీవు ఏల క్రుంగియున్నావు?” అంటాడు. అక్కడ పాపం ఒప్పుకోవడం లేదు, ఉన్నది కుంగుబాటే. “ఇంకను నేనాయనను స్తుతించెదను” అన్నది కూడా భవిష్యత్కాలమే. ఇవాళ పాడలేకపోతున్నవాళ్లు సైతం ఆ మాట అనవచ్చు.

మంగళగిరి రోడ్డు, గుంటూరు నుంచి:
అక్కా, వచనం సంగతి తర్వాత. కాన్పు తర్వాత రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. నేను నర్సుని. అది విశ్వాసం తక్కువై వచ్చేది కాదు, మందులూ కౌన్సెలింగూ ఉన్నాయి. పిల్లని చూడబుద్ధి కావట్లేదన్నా, బతకాలని లేదన్నా ఆ రోజే తీసుకెళ్లండి.

గుణదల నుంచి:
సరే, మరి ఫిలిప్పీ 4:4? “ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి.” ఒకచోట ఆనందం దేవుడే పుట్టించాలి, ఇంకోచోట మనకే ఆజ్ఞ. ఆజ్ఞ ఇస్తే ఆనందం వస్తుందా?

పటమట నుంచి:
“ఆనందించుడి”లో చివరి “డి” చూడు బాబూ. బహువచనం. బంధకాల్లో, అంటే చెరలో, ఉన్న పౌలు ఒక సంఘం మొత్తానికి రాసిన ఉత్తరం అది. మనం దాన్ని ఒంటరిగా కూర్చున్న ఒక్క మనిషి మీద మోపి, “నవ్వవేం?” అని నిలదీస్తున్నాం. సంఘమంతా ఆనందించాలంటే పాడగలిగినవాళ్లు పాడతారు, పాడలేనివాళ్లు పక్కన కూర్చుని వింటారు. ఇదే 51వ కీర్తన 8వ వచనంలో “ఉత్సాహ సంతోషములు నాకు వినిపింపుము” అన్నాడు. నా చేత పాడించు అనలేదు.

ఇక ఆ ఆనందాన్ని నిలబెట్టుకోవడం ఎలా అంటారా, 12వ వచనం రెండో సగం అదే. “సమ్మతిగల మనస్సు.” పెళ్లికి సమ్మతి, పొలం అమ్మడానికి సమ్మతి అంటామే, ఆ సమ్మతే. సరేనని ఒప్పుకునే మనసు. “దృఢపరచుము” అని అడిగింది దాంతోనే గానీ, ఎప్పుడూ ఉప్పొంగిపోయే మనసుతో కాదు.

అరండల్‌పేట, గుంటూరు నుంచి:
నెహెమ్యా 8:10 కూడా చూడండి. “యెహోవాయందు ఆనందించుటవలన మీరు బలమొందుదురు” అన్న ముక్క గోడ క్యాలెండర్ల మీద వేస్తారు. అదే వచనంలో దానికి ముందున్న మాట ఎవరూ వేయరు: ఏమీ సిద్ధం చేసుకోని వారికి “వంతులు పంపించుడి”. ఇదీ బహువచనమే మాస్టారూ. అక్కా, ఇంటి గుర్తు పర్సనల్‌గా పెట్టండి, మా స్త్రీల సమాజం నుంచి వంతు వస్తుంది. అక్కడ రాసిన క్రొవ్విన మాంసం బాలింతకు పనికిరాదు, వెల్లుల్లి కారం, వేడి అన్నం తెస్తాం. పాట ఎత్తుకోమని ఎవరూ అడగరు.

బ్రాడీపేట నుంచి:
పెడుతున్నానండీ. డాక్టరు దగ్గరికి రేపు పొద్దున వెళ్తున్నాం. ఆ పెద్దావిడకు “నీ” సంగతి నేనే చెప్తాను.