గుల్లబారిన ఎముకలు, ముగ్గురు గిరాకీలున్న పరగడుపు

దర్గామిట్ట లెక్కల టీచరు (నెల్లూరు):
నాకు 61. సంక్రాంతి ముందు రోజు కళ్ళాపి చల్లిన వాకిట్లో కాలు జారి కుడి మణికట్టు విరిగింది. మెట్ల మీద నుంచి పడలేదు, నిలుచున్న చోటే కూలబడ్డాను. "ఈ మాత్రానికి విరగకూడదమ్మా" అంటూ డాక్టరు గారు ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రాశారు. నడుము దగ్గర టీ స్కోరు, అంటే పడుచువాళ్ళ ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 2.9 వచ్చింది. మైనస్ 2.5కు చేరినా, ఇంకా కిందికి దిగినా ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు, కిందే లెక్కట. ముప్పై ఏళ్ళు పిల్లలకు రుణసంఖ్యలు చెప్పాను. ఒక రుణసంఖ్యను చూసి గుండె జారడం ఇదే మొదలు.

ఎముకల అరుగుదలను ఆపే ఆలెండ్రోనేట్ 70 మి.గ్రా. బిళ్ళ వారానికి ఒకటి, రోజుకు రెండు కాల్షియం బిళ్ళలు, ఎనిమిది వారాల పాటు వారానికొక డి విటమిన్ 60,000 యూనిట్ల గుళిక ఇచ్చారు. పాత చుట్టాలు ఎలాగూ ఉన్నారు: థైరాయిడ్ బిళ్ళ, మూడేళ్ళుగా వేసుకుంటున్న గ్యాస్ బిళ్ళ. ఆలెండ్రోనేట్, థైరాయిడ్, గ్యాస్ మూడూ పరగడుపునే వేసుకోవాలట. ఉన్నది ఒక్క పరగడుపు, దానికి ముగ్గురు గిరాకీలు. డాక్టరు గారి గదిలో ఉన్న నాలుగు నిమిషాల్లో ఇది అడగడం తట్టలేదు.

ఇంకో భయం. కాల్షియం అట్ట మీద 1250 మి.గ్రా. అని ఉంది. రెండు వేస్తే 2500. మా వారికి కిడ్నీలో రాళ్ళు వచ్చినప్పుడు పడ్డ బాధ కళ్ళారా చూశాను. ఇవి చాలవన్నట్టు మా అబ్బాయి అమెరికా నుంచి పగడాల కాల్షియం సీసా పంపాడు. పక్కింటావిడ రోజూ పాయా (మేక కాళ్ళ సూపు) తాగమంటోంది.

కావలి మందుల షాపు:
టీచరు గారూ, ముందు లెక్క సరిచేద్దాం. ఆ 1250 కాల్షియం కార్బొనేట్ బరువు. అందులో అసలు కాల్షియం 40 శాతమే, అంటే 500. మా షాపులో రోజుకు ఇద్దరైనా ఇదే అడుగుతారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టికలో పెద్దవాళ్ళకు రోజుకు 1000, ముట్లుడిగిన స్త్రీలకు 1200 మి.గ్రా. అని ఉంది. ఈ 1200లో తిండి నుంచి వచ్చేది కూడా కలిసే ఉంటుంది. రెండు బిళ్ళలూ ఒకేసారి మింగకండి, 500కు మించితే ఒంటికి పట్టేది తగ్గుతుంది. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, రెండూ అన్నంతోనే. అన్నంతో వేసుకుంటే రాళ్ళకు దారితీసే ఆక్సలేట్‌ను కాల్షియం పేగులోనే పట్టేస్తుంది.

థైరాయిడ్ బిళ్ళకూ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం తప్పనిసరి. ఇక మీ పరగడుపు పంచాయితీ. వారంలో ఒక్క రోజు, ఆదివారం అనుకోండి, లేవగానే ఆలెండ్రోనేట్‌ను గ్లాసు నిండా మంచినీళ్ళతో మింగండి. కాఫీతో వద్దు, పాలతో అసలే వద్దు. అరగంట పాటు నడుం వాల్చకూడదు, బిళ్ళ అన్నవాహికలో ఆగితే పుండు పడుతుంది. ఆ తర్వాత థైరాయిడ్, ఇంకో అరగంటో గంటో ఆగి టిఫిన్. డి గుళికకు పరగడుపుతో పని లేదు, అది కొవ్వులో కరుగుతుంది. పెరుగన్నం తిన్నాక వేసుకోండి. ఎనిమిది వారాలయ్యాక మీ అంతట మీరు కొనసాగించకండి, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది.

నాకు అనుమానం ఆ గ్యాస్ బిళ్ళ మీద. కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, ఆ బిళ్ళ చేసేది ఆమ్లాన్ని తగ్గించడమే. మూడేళ్ళ తర్వాత కూడా అది అవసరమా అని డాక్టరును అడగండి. అవసరమే అంటే ఆమ్లంతో పనిలేని కాల్షియం సిట్రేట్ ఉంది.

పొదిలి కోడలు:
అమ్మా, మీరు పుట్టి పెరిగింది ఎక్కడ? కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్ళు తాగి పెరిగితే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. ఫ్లోరైడ్ ఎక్కిన ఎముక స్కానులో గట్టిగా కనిపిస్తూనే లోపల పెళుసుగా ఉండవచ్చు. మా అత్తగారి విషయంలో అదే జరిగింది. స్కాను బాగుందన్నారు, తుంటి విరిగింది. ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి మన దేశంలో తొలిసారి 1937లో వైద్యులు రాసింది నెల్లూరు జిల్లా నుంచే, అప్పటికి ఈ ఊళ్ళన్నీ ఆ జిల్లాలోవే. నీళ్ళు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. తిండిలో కాల్షియం తక్కువైతే దాని దెబ్బ ఇంకా ఎక్కువ.

కొత్తపట్నం చేపల పులుసు:
పాయా రుచికి తాగండి, కాల్షియానికి కాదు. ఎముక ఎంత ఉడికినా నీళ్ళలోకి దిగేది స్వల్పం. నెత్తళ్ళు చింతపండు పులుసులో వండితే ముల్లుతో సహా నమిలేయవచ్చు, అదీ లెక్కలోకి వచ్చే కాల్షియం. ఎండు నెత్తళ్ళు మాత్రం తగ్గించండి మేడమ్, ఆ ఉప్పు కాల్షియాన్ని మూత్రంలోకి లాక్కుపోతుంది. పాలకూర పప్పు మీద ఆశ పెట్టుకోకండి, దాని కాల్షియం ఆక్సలేట్‌తో ముడిపడి ఉంటుంది. మునగాకు మేలు.

దర్గామిట్ట లెక్కల టీచరు:
అందరికీ నమస్కారం. పొదిలి అమ్మాయీ, నేను కనిగిరి పక్క పల్లెలో పుట్టాను. పదో తరగతి దాకా చేదబావి నీళ్ళే. నా పళ్ళ మీద గోధుమరంగు చారలు ఆ ఊరి ముద్ర. మణికట్టు చూపించడానికి వెళ్ళి పళ్ళ సంగతి చెప్పాలని ఎలా తోస్తుంది? ఈసారి కాగితం మీద రాసుకుని వెళ్తాను.

నా లెక్క: రెండు బిళ్ళలు 1000. రాత్రి గ్లాసు పాలు 250 పైనే. రెండు పూటలా పెరుగు, వారానికి నాలుగు రోజులు రాగి సంకటి, ఇడ్లీలోకి నువ్వుల పొడి. ఎటు కూడినా 1200 దాటుతోంది. ఒక బిళ్ళ తగ్గించవచ్చేమో అడుగుతాను. కావలి గారూ, పగడాల సీసా సంగతి చెప్పలేదు?

కావలి మందుల షాపు:
అది కూడా కాల్షియం కార్బొనేటే టీచరు గారూ. వేసుకుంటే మీ కూడికలో ఆ అంకె కూడా కలపాలి.

దర్గామిట్ట లెక్కల టీచరు:
అయితే మా వాడు డాలర్లు పోసి సున్నపురాయి కొన్నాడన్నమాట. రాత్రి ఫోనులో "వేసుకుంటున్నావా అమ్మా" అని అడిగాడు. ఊ అన్నాను.