నాలుగు వందల టికెట్ల బ్యాక్‌లాగ్: ఏది ముందు, ఏది వెనుక?

గోదారిగట్టు
కిరాణా కొట్లకు, మందుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ మాది. ఆరుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు. పనులు నమోదు చేసుకునే జిరాలో తెరిచి ఉన్న టికెట్లు, అంటే ఇంకా చేయాల్సిన పనులు (మా బ్యాక్‌లాగ్), నాలుగు వందలు దాటాయి. సగానికి పైగా వాటి ప్రాధాన్యం ‘హై’. సేల్స్‌వారు పెట్టినవన్నీ ‘హైయెస్ట్’. రెండు వారాలకోసారి ప్లానింగ్‌కు కూర్చుంటాం. చివరికి ఆ వారం ఎవరు గట్టిగా ఫోను చేస్తే వారి పనే పైకి వస్తుంది. మస్ట్ (తప్పనిసరి), షుడ్ (చేయాల్సినవి), కుడ్ (వీలైతే), వోంట్ (ఇప్పుడు కాదు) అని విడగొట్టి చూశాం, అన్నీ మస్ట్‌లోకే చేరాయి. మీ టీముల్లో ఏం చేస్తున్నారు? పద్ధతుల పేర్లు నేనూ చదివాను, నిజంగా జరిగేది చెప్పండి.

నల్లసిరా
ముందు ఒక లెక్క వేయండి. ఒక స్ప్రింట్‌లో, అంటే మీ రెండు వారాల్లో, మీ టీము ఎన్ని టికెట్లు పూర్తి చేస్తుంది? పది అనుకుందాం. నాలుగు వందలకు నలభై స్ప్రింట్లు, అంటే ఎనభై వారాలు. ఈ రోజు వరుస చివర చేరిన టికెట్ వంతు రావడానికి ఏడాదిన్నర పడుతుంది, అదీ మధ్యలో కొత్తవి దూరకపోతే. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన క్యూ సూత్రం చెప్పేది ఇదే. ఈ లెక్కను కాగితం మీద వేసి సేల్స్ మేనేజర్ ముందు పెట్టండి. ‘హై’ అవునా కాదా అని గంటల తరబడి వాదించేవారు కూడా ‘ఏడాదిన్నర’ అనగానే తమ టికెట్లు కొన్నింటిని తామే తీసేసుకుంటారు. మా దగ్గర అదే జరిగింది.

మస్ట్ సంగతికి వస్తే, ఆ విభజనను వాడే డీఎస్‌డీఎం అనే ప్రాజెక్టు విధానంలోనే మస్ట్ పనులు మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదన్న సూచన ఉంది. ఆ హద్దు వదిలేసి పేర్లు మాత్రం తెచ్చుకుంటే, అందరూ పల్లకీ ఎక్కితే మోసేవారెవరు?

బెజవాడ_టెస్టర్
బగ్‌లను, కొత్త ఫీచర్లను ఒకే జాబితాలో కలిపారా? కలిపితే బగ్ తీవ్రతనే ప్రాధాన్యం అనుకునే ప్రమాదం ఉంది. ఏడాదికోసారి వాడే రిపోర్టులో ప్రోగ్రామ్ ఆగిపోవడం తీవ్రమైనదే, కానీ మార్చి దాకా ఆగవచ్చు. బిల్లు మీద దుకాణం పేరు సగం తెగి అచ్చవడం చిన్న లోపమే, కానీ ఈ రోజే సరిచేయాలి, ఎందుకంటే ప్రతి కొనుగోలుదారు చేతికీ ఆ కాగితమే వెళ్తుంది. తీవ్రత ఎంతో టెస్టర్ చెప్పాలి, ఎప్పుడు చేయాలో వ్యాపారం తెలిసినవారు చెప్పాలి. మా దగ్గర ఈ రెండు గడులనూ ఒక్కరే నింపేవారు, ఇప్పుడు విడదీశారు.

సున్నా_నుంచి
నేను ఆలస్యపు ఖరీదుతోనే చూస్తాను. రెండు పనులున్నాయనుకోండి. మొదటిది ఆలస్యమైతే వారానికి 9 వేల నష్టం, చేయడానికి మూడు వారాలు. రెండోది వారానికి 4 వేల నష్టం, చేయడానికి ఒక వారం. చాలామంది 9 వేలదాన్నే ముందు పట్టుకుంటారు. అప్పుడు నష్టం మొదటిదానికి మూడు వారాల 27, రెండోది పూర్తయ్యేసరికి నాలుగు వారాల 16 కలిపి 43 వేలు. చిన్నది ముందు చేస్తే దానికి ఒక వారం 4, పెద్దది పూర్తయ్యేసరికి నాలుగు వారాల 36 కలిపి 40 వేలు. నష్టాన్ని వ్యవధితో భాగించి, ఎక్కువ వచ్చినదాన్ని ముందు చేయాలి. ఎంత విలువైనదో అడిగి, ఎంత పెద్దదో అడగకపోతే ఈ తేడా కనిపించదు.

నల్లసిరా
లెక్క సరైనదే. ఆ 9 వేలు, 4 వేలు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే నా అనుమానం. మా పాత కంపెనీలో రైస్ (RICE) స్కోరు వాడేవారు: ఎంతమందికి చేరుతుంది, ఎంత ప్రభావం, ఎంత నమ్మకం, వీటిని గుణించి శ్రమతో భాగించడం. నెల తిరిగేసరికి అందరూ తమకు కావలసిన జవాబు వచ్చేదాకా ‘ప్రభావం’ గడిని సవరించడం నేర్చుకున్నారు.

సున్నా_నుంచి
అందుకే రూపాయల్లో అడగమంటాను. ‘ప్రభావం 3’ అని ఎవరైనా రాస్తారు. ‘వారానికి 9 వేలు’ అని రాసినవారిని ఎలాగో చెప్పమని అడగవచ్చు.

చింతచెట్టు_కింద
మేమూ బిల్లింగ్‌లోనే ఉన్నాం కాబట్టి మీ బాధ తెలుసు. 2025 సెప్టెంబరు 3న జీఎస్‌టీ మండలి శ్లాబులు మార్చింది, 22 నుంచి అమలు. చాలా మందులు 12 శాతం నుంచి 5కు దిగాయి. ఆ పందొమ్మిది రోజులు మా ప్లానింగ్‌లో ఎవరూ వాదించలేదు, తేదీయే వరుస పెట్టింది. అయితే అసలు ఇబ్బంది రేటు మార్చడంలో లేదు. 22కు ముందు అమ్మిన సరుకు తిరిగివస్తే పాత రేటే పడాలి. అంటే పన్ను రేటు వస్తువుతో పాటు తేదీకీ ముడిపడి ఉండాలి. సరిగ్గా ఆ పనికి టికెట్ ఎప్పటినుంచో అడుగున ఉంది. ఒక్క కస్టమరూ అడగలేదు, ఏ స్కోరులోనూ పైకి రాలేదు. ఇప్పుడు ప్రతి స్ప్రింట్‌లో కొంత భాగం ఎవరూ అడగని ఇలాంటి పనులకే పక్కన పెడుతున్నాం. సేల్స్‌వారికి అది నచ్చదు, నచ్చనవసరం లేదు.

వికీ_పాతకాపు
ఓట్లు పెట్టి తేల్చుదామని ఎవరైనా అంటే జాగ్రత్త. వికీపీడియాను నడిపే వికీమీడియాలో 2015లో కమ్యూనిటీ విష్‌లిస్ట్ సర్వే మొదలైంది: వాడుకరులు కోరికలు రాసేవారు, అందరూ ఓట్లేసేవారు. మంచి ఆలోచనే, కానీ ఇంగ్లిష్ వికీ వారికి కావలసినదానికీ, తెలుగు వికీలో రాసే కొద్దిమందికి కావలసినదానికీ ఓట్లలో పోటీ ఎక్కడిది? మీ మందుల దుకాణాలు కిరాణా కొట్లకన్నా తక్కువ ఉంటే మీకూ ఇదే సమస్య.

రాళ్లబండి
అసలు వరుస చివరగా ఎవరు పెడతారో గోదారిగట్టు గారు చెప్పలేదు. అందరూ కూర్చుని పెడుతున్నారని చదివితేనే అర్థమవుతోంది. ప్రొడక్ట్ ఓనర్, అంటే ఏ పని ముందో తేల్చే బాధ్యుడు, ఒక వ్యక్తి, కమిటీ కాదని స్ప్రింట్లతో నడిచే స్క్రమ్ పద్ధతిని వివరించే స్క్రమ్ గైడే అంటుంది. మీ కంపెనీలో ‘కాదు’ అనగలిగేవారు ఎవరో ముందు తేల్చండి. ఆ మనిషి లేకపోతే పై సలహాలన్నీ వృథా.

ఇంకో మాట: ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్ చేసే బేస్‌క్యాంప్ కంపెనీవారు అందరికీ కలిపి ఒకే బ్యాక్‌లాగ్ పెట్టుకోరు. ప్రతి ఆరు వారాల దఫాకు ముందు ఏం చేయాలో కొత్తగా నిర్ణయిస్తారు. ముఖ్యమైనది ఎలాగూ మళ్లీ ఎవరో ఒకరు అడుగుతారన్నది వారి వాదన. ఏడాదిగా కదలని టికెట్లన్నీ మూసేయండి.

బెజవాడ_టెస్టర్
ఫీచర్ల విషయంలో ఒప్పుకుంటాను, బగ్‌ల విషయంలో ఒప్పుకోను. లోపం కనిపించిన దుకాణదారు మళ్లీ ఫోను చేయకపోవచ్చు, మరో సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటాడు.

గోదారిగట్టు
రాళ్లబండి గారూ, సరిగ్గా పట్టుకున్నారు. మాకు ప్రొడక్ట్ ఓనర్ అనే పేరుతో ఒకరున్నారు, కానీ యజమాని నేరుగా డెవలపర్లకే ఫోను చేస్తారు. ఆ సంగతి ఆయనతో మాట్లాడాలి. ఈలోపు పైన ఇరవై టికెట్లకే ఒకటి, రెండు అని వరుస పెడతాం, మిగతావాటి ‘హై’ గుర్తులు తీసేస్తాం. ఏడాది దాటినవాటిలో బగ్‌లు ఉంచి ఫీచర్లు మూసేస్తాం. మూసేసినట్టు కస్టమర్లకు ఏమని చెప్పాలి?

కాల్‌సెంటర్_కమల
సపోర్ట్‌లో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ‘పరిశీలిస్తున్నాం’ అని మాత్రం రాయకండి. అది చదివినవారు ప్రతి నెలా మాకు ఫోను చేస్తారు. ‘ఈ ఏడాది చేయడం లేదు, అప్పటిదాకా ఈ పని ఇలా చేసుకోవచ్చు’ అని రాయండి. రెండో ముక్క తప్పనిసరి. ఒకే కోరిక వేర్వేరు మాటల్లో ఐదారు టికెట్లుగా ఉంటే, మూసేముందు వాటిని కలపండి. విడివిడిగా ఒక్కొక్కరే అడిగినట్టుంటుంది, కలిపితే అది మీ ఇరవైలోకి రావచ్చు.