గుంటూరులో పాత ఇంటిపై అంతస్తు: స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఎంత ఇవ్వాలి?

కొరిటెపాడు_ఇల్లు:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు కొరిటెపాడు. 2003లో మా నాన్నగారు దగ్గరుండి కట్టించిన ఇల్లు. 1,100 చదరపు అడుగులు, కింది అంతస్తు ఒక్కటే. పైన ఇంకొకటి వేసి మేము పైకి మారాలని, అమ్మకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఆమెను కిందే ఉంచాలని అనుకుంటున్నాము. పిల్లర్ల చువ్వలు డాబా మీద వదిలే ఉన్నాయి, బాగా తుప్పు పట్టాయి.

మా మేస్త్రీ గారు, "చువ్వలు వదిలారంటే అప్పుడే పై అంతస్తుకు లెక్క వేసుకుని కట్టారనే కదా బాబూ, ఇంజినీరుకు డబ్బులు దండగ" అన్నారు. మంచి పనివాడే, ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ శ్లాబు కింద పడుకునేది మా అమ్మ. అందుకే ముగ్గురు ఇంజినీర్లను అడిగాను.

ఒకరు ఫోనులోనే 5,000 అన్నారు. ఇల్లు చూడనక్కరలేదట, ప్లాను పంపితే డ్రాయింగు, సంతకం ఇస్తారట. రెండో ఆయన చదరపు అడుగుకు 15 రూపాయల చొప్పున 16,500 అడిగారు, రెండుసార్లు వస్తారు. మూడో ఆవిడ ఇంటికి వచ్చారు. గంటన్నర ఉన్నారు. ప్రతి పిల్లరునూ వేలి కణుపుతో తట్టి చూశారు, స్నానాల గది వెనక గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఆవిడ 46,000 అడిగారు. పునాది తవ్వి చూడటం, కాంక్రీటు పరీక్షలు, డ్రాయింగులు, పని జరిగేటప్పుడు ఐదుసార్లు రావడం, అన్నీ అందులోనే.

నాన్నగారి ఖర్చుల డైరీ ఒకటి ఉంది. అందులో నీలి సిరాతో "మధ్య పిల్లరు గుంత 4×4, లోతు 5, చువ్వలు 12వి నాలుగు" అని ఉంది. ఇది ఉంటే తవ్వకుండా సరిపోతుందా? 5,000కూ 46,000కూ ఇంత తేడా ఎందుకు? అనుభవం ఉన్నవారు చెప్పండి.

పాయకాపురం_రమ:

మాది కొత్త ఇల్లు కాబట్టి లెక్క కొంచెం వేరు, అయినా చెబుతాను. విజయవాడ పాయకాపురంలో కింద, పైన కలిపి 2,100 చదరపు అడుగులు. డిజైనుకు అడుగుకు 9 రూపాయలు, అంటే 18,900. మట్టి పరీక్ష 16,000. సైటుకు వచ్చిన ప్రతిసారీ 1,500 విడిగా, ఐదుసార్లకు 7,500. మొత్తం 42,400. ఇంటికి అయిన 44 లక్షలలో ఒక శాతం కూడా కాదు.

ఒప్పుకునే ముందు నేను అడగని ప్రశ్న ఒక్కటే: సైటుకు రావడం ఫీజులో ఉందా, లేదా? లేదని మొదటి విజిటు రోజున తెలిసింది. మావారు వద్దన్నారు, నేను పట్టుబట్టి పిలిపించాను. శ్లాబుకు ముందు రోజు సాయంత్రం ఇంజినీరు గారు టేపు పెట్టి బీములలో పొడవు చువ్వల చుట్టూ కట్టే రింగుల మధ్య దూరం కొలిచారు. డ్రాయింగులో బీము పిల్లరుకు ఆనే చోట 4 అంగుళాలు, కట్టింది 7. రింగుల కొనలు లోపలికి వంచకుండా లంబంగా వదిలేశారు. పనివాళ్ళు రాత్రి తొమ్మిది దాకా లైట్లు వేసుకుని మళ్ళీ కట్టారు. తెల్లవారి కాంక్రీటు పోసేస్తే ఆ తప్పు ఇక ఎవరికీ కనిపించేది కాదు. ఆ 1,500 నా ఇంట్లో అన్నిటికన్నా మంచి ఖర్చు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా వీధంతా నీళ్ళలో ఉంది. మట్టి పరీక్ష చేయించి కట్టామన్న ధైర్యం ఆ వారం రోజులూ నాకు చాలా పని చేసింది.

నల్లపాడు_రైతు:

తమ్ముడూ, 5,000 సంతకం వద్దు. నేను ఆ దారిలోనే వెళ్ళాను. మా పక్కంతా నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. సంతకం పెట్టిన ఇంజినీరు స్థలం ముఖం చూడలేదు, 4 అడుగుల లోతు పునాది గీసి ఇచ్చారు. మూడో ఏడు కిటికీల మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు వచ్చాయి. మే నెలలో ఆ పగులులో రూపాయి బిళ్ళ దూరేది. ఆగస్టులో అదే చోట పోస్టుకార్డు అంచు కూడా దూరదు. ఇంకో ఇంజినీరును పిలిపించి ఎందుకో తెలుసుకోవడానికే 12,000 అయింది. బాగు చేయించిన ఖర్చు చెప్పుకుంటే కడుపు మండుతుంది.

బెజవాడ_స్ట్రక్చర్స్:

నేను 27 ఏళ్ళుగా విజయవాడలో ఇదే పని చేస్తున్నాను. నా మాట కొంత పొడవు అవుతుంది.

కొత్త ఇంటికి అడుగు లెక్కన ఫీజు న్యాయమే. పాత ఇంటికి అది కుదరదు. కొత్త ఇంట్లో పునాది ఎంత ఉండాలో నేను నిర్ణయిస్తాను, మీ ఇంట్లో ఎంత ఉందో వెతకాలి. ఆ వెతుకులాటకే రోజులు పడతాయి. ఒక లెక్క చూడండి. 9 అంగుళాల ఇటుక గోడ పదడుగుల ఎత్తు కడితే ప్రతి అడుగు పొడవుకూ సుమారు 400 కిలోలు. మీ 1,100 అడుగులకు 5 అంగుళాల శ్లాబు ఒక్కటే 30 టన్నులు దాటుతుంది. ఇదంతా ఇప్పుడున్న పిల్లర్ల గుండా ఇప్పుడున్న ఫుటింగుల (పిల్లరు కింద వెడల్పాటి పునాది దిమ్మల) మీదికే దిగాలి. వదిలిన చువ్వలు నాన్నగారి ఆశను చెబుతాయి, కింద ఫుటింగు సైజు చెప్పవు.

డైరీ చాలా విలువైనది, ఇంజినీరుకు తప్పకుండా చూపించండి. అయినా తవ్వండి. కనీసం రెండు చోట్ల: ఒక మూల పిల్లరు దగ్గర, అన్నిటికన్నా బరువు మోసే మధ్య పిల్లరు దగ్గర. పిల్లరు ఎంతో డైరీలో ఉందా? 9×9 అంగుళాలకు 12 ఎం.ఎం. చువ్వలు నాలుగైతే కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐ.ఎస్. 456 అడిగే కనీస 0.8 శాతం ఇనుము అందుతుంది. అదే నాలుగు చువ్వలు 9×12 పిల్లరులో ఉంటే అందదు. పైగా భూకంప లెక్కల ప్రమాణం ఐ.ఎస్. 1893 (2016 నాటిది) పట్టికలో విజయవాడ మూడవ భూకంప మండలంలో ఉంది, మీ ఊరు మాకు పక్కనే. భూకంపాన్ని తట్టుకునే నిర్మాణానికి రాసిన ఐ.ఎస్. 13920లో పిల్లరు కనీస వెడల్పు 300 ఎం.ఎం. అని ఉంది. మన ఊళ్ళ పాత ఇళ్ళలో 9 అంగుళాల పిల్లర్లే ఎక్కువ. హామరుతో కొట్టి చూసే పరీక్ష చవకే, కానీ పాత కాంక్రీటు పైపొర గట్టిపడటం వల్ల, లోపల నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువ బలం చూపిస్తుంది. దాన్ని ఒక్కదాన్నే నమ్మే ఇంజినీరును నమ్మకండి.

ఇప్పుడు ఫీజు. మీకు చెప్పిన 46,000 నా దృష్టిలో ఎక్కువ కాదు. కానీ దాన్ని రెండు ముక్కలు చేయమని అడగండి. మొదటిది పరిశీలన, రిపోర్టు వరకు. నేనైతే ఇలాంటి ఇంటికి 15,000 నుంచి 20,000 తీసుకుంటాను, తవ్వే కూలీ మీది. రిపోర్టు "వేయకూడదు" అని వచ్చినా ఈ డబ్బు ఇచ్చి తీరాలి. ఇది మొహమాటం లేకుండా ముందే కాగితం మీద రాసుకోండి. "వద్దు" అంటే ఫీజు పోయేలా ఉంటే "వద్దు" అనడం ఎంత మంచివాడికైనా కష్టమవుతుంది. రెండో ముక్క డ్రాయింగులు, విజిట్లు. ఎన్ని విజిట్లు, ఏ దశల్లో అన్నది రాయించుకోండి. కాంక్రీటు పోసే ముందు చువ్వలు చూడటానికి రావడం అందులో తప్పనిసరి. 18 శాతం జీఎస్టీ కలిపా, విడిగానా అన్నది కూడా అడగండి.

"వద్దు" అన్నంత మాత్రాన అన్నీ ఆగిపోవు. తేలిక బ్లాకుల గోడలు, శ్లాబుకు బదులు రేకుల కప్పు, పిల్లరు చుట్టూ కొత్త చువ్వలతో కాంక్రీటు తొడుగు, ఇలా దారులు ఉంటాయి. ఏది మీ ఇంటికి సరిపోతుందో రిపోర్టు వచ్చాకే తెలుస్తుంది.

కొరిటెపాడు_ఇల్లు:

అందరికీ కృతజ్ఞతలు. చెప్పి నెల కావస్తోంది, జరిగింది రాస్తున్నాను.

మూడో ఆవిడకే పని అప్పగించాను. రెండు ముక్కల సంగతి అడిగితే వెంటనే ఒప్పుకున్నారు: పరిశీలనకు 18,000, మిగతా 28,000 తరవాత. మేస్త్రీ గారే ఇద్దరు కూలీలతో హాలు మూల పిల్లరు పక్కన, మధ్య పిల్లరు పక్కన తవ్వారు. బండలు లేపిన దానితో కలిపి 6,500 అయింది. మధ్య పిల్లరు దగ్గర గుంతలోకి నేనే దిగి టేపు ఒక కొస పట్టుకున్నాను. ఫుటింగు డైరీలో ఉన్నట్టే నాలుగు అడుగులకు నాలుగు అడుగులు ఉంది. మేస్త్రీ గారు గుంత గట్టున కూర్చుని, "మీ నాన్న రాసింది రాసినట్టే కట్టించాడు బాబూ" అన్నారు.

పిల్లర్లు మాత్రం 9×9. పైన కాంక్రీటు కాస్త చెక్కి చూస్తే రింగుల మధ్య 9 అంగుళాలు ఉంది. స్నానాల గది వెనక పిల్లరులో ఒక చువ్వ తుప్పుతో ఉబ్బి కాంక్రీటును తోసేసింది. ఆవిడ మొదటి రోజు నిలబడి చూసింది అదే.

రిపోర్టులో ఒక్క అంతస్తుకే అనుమతించారు, అదీ తేలిక బ్లాకుల గోడలతో. మధ్య పిల్లర్లు రెండింటికీ, స్నానాల గది వెనక దానికీ పునాది నుంచి తొడుగు వేయాలి. దాని మీద ఇంకో అంతస్తు ఎప్పటికీ వద్దని విడిగా ఒక వాక్యం రాసి, దాని కింద కూడా సంతకం పెట్టారు. మూడు తొడుగులకు మేస్త్రీ గారు లెక్క వేస్తున్నారు, రాగానే ఇక్కడ పెడతాను, ఎక్కువో తక్కువో చెప్పండి.

గుంతలు రేపు పూడుస్తున్నాము. కొలతలు, రింగుల దూరం, తేదీ నాన్నగారి డైరీలో అదే పేజీ కింద రాసి పెట్టాను.