0.0.0.0/0 అనే వరుసను 'అప్రమేయ మార్గం' అనవచ్చా?

ప్రశ్న: ఫోను చేరి ఉన్న స్థానిక నెట్‌వర్క్‌లో ఏ చిరునామాకు డేటా ఏ దారిన వెళ్తుందో చూపే యాప్‌ను తెలుగు చేస్తున్నాను. ఆండ్రాయిడ్ ఇచ్చే రూట్ల జాబితాలో 192.168.1.0/24 వంటి వరుస ఒకటి, డిఫాల్ట్ రూట్ అనే 0.0.0.0/0 వరుస ఒకటి కనిపిస్తున్నాయి. రెండోదానికి 'అప్రమేయ మార్గం' అని రాస్తే సరిపోతుందా?

సమాధానం: 'అప్రమేయం' అంటే కొలతకు అందనిది, విష్ణు సహస్రనామంలోని 'అప్రమేయో హృషీకేశః' అన్నచోట ఉన్నది ఆ అర్థమే. వాడుకలో 'ప్రమేయం' అంటే జోక్యం, సంబంధం అనే అర్థం స్థిరపడినందువల్ల, వాడుకరి ప్రమేయం లేకుండా ముందే ఉన్నదనే భావంతో డిఫాల్ట్‌కు ఈ మాటను తెచ్చి ఉంటారని నా ఊహ. నాకు ఈ ప్రయోగం ఎన్నడూ నచ్చలేదు గాని, విచిత్రంగా ఈ ఒక్కచోట పాత అర్థమే అతుకుతుంది. /24 అంటే గమ్యం చిరునామాలో మొదటి 24 బిట్లు (0, 1 అంకెలు) ఆ వరుసలోని చిరునామాతో కలవాలి. /0 అంటే ఒక్క బిట్టునూ పోల్చి చూడనక్కరలేదు, కాబట్టి అది ఏ చిరునామానైనా కొలవకుండానే ఒప్పుకొంటుంది, అయితే ఎక్కువ బిట్లు కలిసిన వరుసకే ప్రాధాన్యం గనుక దాని వంతు అన్నిటికన్నా చివర వస్తుంది. వేరే దిక్కు లేని చిరునామాలకు అదే దిక్కు అన్నమాట.

ఈ శ్లేష మనకు ముచ్చటగా ఉన్నా, యాప్ తెరిచినవారికి అందదు. 'మిగతా చిరునామాలన్నిటికీ' అని రాయండి. ఐపీవీ6 అనే కొత్త తరహా చిరునామాలలో ఇదే పని చేసే ::/0 వరుసకూ అదే చాలు. రూట్‌కు 'దారి' బాగుంటుంది. డేటాను బయటి నెట్‌వర్క్‌కు చేరవేసే రౌటర్‌ను సూచించే గేట్‌వేను మాత్రం 'ద్వారం' చేయవద్దు, ఎందుకంటే రౌటర్ సెట్టింగులలో జనం వెతికేది గేట్‌వే అన్న మాటనే.

ప్రశ్న: మొదటి వరుసలో, అంటే 192.168.1.0/24 దానిలో, గేట్‌వే గడిలోనూ 0.0.0.0 అనే వస్తోంది. అక్కడ కూడా 'మిగతా' అనాలా?

సమాధానం: అనకూడదు. గమ్యం గడిలో /0తో కలిసినప్పుడు ఆ అంకెలకు 'ఏ చిరునామా అయినా' అని అర్థం. గేట్‌వే గడిలో అవే అంకెలు మధ్యలో రౌటర్ అవసరం లేదని, అవతలి పరికరం అదే నెట్‌వర్క్‌లో ఉందని చెబుతాయి. అక్కడ అంకెలు తీసివేసి 'నేరుగా' అని రాయండి.