ఫైబర్ బోటుకి రెండో వీహెచ్ఎఫ్: చేతి వాకీ కొనాలా, ఉన్న సెట్‌కి ఇంకో బ్యాటరీ వేయాలా?

భైరవపాలెం ఫైబర్
28 అడుగుల ఫైబర్ బోటు, వేటకి ఆరుగురం. 25 వాట్ల వీహెచ్ఎఫ్ రేడియో సెట్ ఒకటి ఉంది, అది ఇంజను స్టార్టింగ్ బ్యాటరీ మీదే నడుస్తోంది. గెడ మీద యాంటెన్నా నీటిమట్టానికి 4 మీటర్ల ఎత్తులో ఉంటది. వేట నిషేధం జూన్ 14తో అయిపోద్ది, ఈలోగా ఏదో ఒకటి చేయాలి. డబ్బులు ఒక్కదానికే ఉన్నాయండి. రెండో బ్యాటరీయా, ఒంటికి తగిలించుకునే వాకీయా?

జెట్టీ వైరింగ్, కాకినాడ
బ్యాటరీయే. సెట్ మూగబోయిందని వచ్చిన బోట్లలో సెట్ పాడైనవి తక్కువ, కరెంటు అందనివి ఎక్కువ. ఇంజను మొరాయిస్తే సెల్ఫు కొట్టీ కొట్టీ బ్యాటరీ దింపేస్తారు. సాయం అడగాల్సిన టైముకి సెట్ వెలగదు.

12 వోల్టుల 40 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ ఒకటి సెట్‌కే విడిగా వేయండి. సెట్ వింటున్నప్పుడు సుమారు అర ఆంపియర్ లాగుతుంది, 25 వాట్లలో మాట్లాడుతుంటే 5 నుంచి 6. బ్యాటరీలో సగమే వాడుకున్నా, మధ్యమధ్య మాట్లాడుతూ ఒక పగలూ రాత్రీ దాటుతుంది.

వైరు దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. బ్యాటరీకీ సెట్‌కీ మధ్య 5 మీటర్లుంటే, వెళ్ళేదీ వచ్చేదీ కలిపి 10 మీటర్లు. 1 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే మాట్లాడేటప్పుడు దాదాపు ఒక వోల్టు వైరులోనే పోతుంది. 4 స్క్వేర్ వేస్తే పావు వోల్టుతో సరి. బ్యాటరీ సగం దిగినప్పుడు ఆ తేడాయే సెట్‌ని పడుకోబెడుతుంది. 10 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే ఉండాలి, సెట్ పక్కన కాదు. బ్యాటరీని అడుగున పెట్టకండి. బోటులోకి నీరొస్తే మొదట మునిగేది అదే. సీటు ఎత్తుకి పెట్టి బెల్టు కట్టండి.

వాకీ సంగతంటారా, 5 వాట్లు, జానెడు రబ్బరు యాంటెన్నా. దాన్ని నమ్ముకుని 20 కిలోమీటర్లు పోకూడదు.

అంతర్వేది మొగ
వైరింగ్ గారూ, మీ లెక్క బోటు నిలబడి ఉన్నంతవరకే. మన దగ్గర ప్రమాదం ఎక్కువగా మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గరే. పోటు మారే వేళ ఇసుక తిప్ప మీద అల విరిగి, ఫైబర్ బోటు పక్కకి తిరిగిందంటే బోల్తాయే. అప్పుడు ఒక బ్యాటరీ అయినా రెండైనా నీళ్ళలోనే. మనిషితో పాటు తేలేది లైఫ్ జాకెట్‌కి కట్టిన వాకీ ఒక్కటే.

దూరం లెక్క కూడా చూద్దాం. వీహెచ్ఎఫ్ దాదాపు కంటిచూపు దారిలో పోతుంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. రెండు బోట్ల లెక్కా కలపాలి. అవతల ట్రాలరు యాంటెన్నా 9 మీటర్లనుకోండి, అది 12.3. మీ గెడ 4 మీటర్లు, 8.2. మొత్తం 20న్నర. అదే వాకీ పట్టుకుని నిలబడితే 2 మీటర్లు, 5.8. మొత్తం 18. తేడా రెండున్నర కిలోమీటర్లే! నీళ్ళలో తేలుతూ అర మీటరు పైకెత్తినా 15 దాకా లెక్కకొస్తుంది, అలలు అడ్డొచ్చి ఇంకా తగ్గుద్ది. మొగ దగ్గర పక్క బోటు అంతదూరంలో ఉండదు కదా.

జెట్టీ వైరింగ్, కాకినాడ
ఎత్తు లెక్క ఒప్పుకుంటానండి. కానీ చివరి కిలోమీటర్లలో మాట తేటగా వినబడాలంటే వాట్లూ యాంటెన్నా కావాలి. 25 నుంచి 5కి దిగితే 7 డీబీ (సిగ్నల్ బలం కొలిచే డెసిబెల్) పోయినట్టు, రబ్బరు యాంటెన్నాతో ఇంకొంత. 18 అన్నది కాగితం మీద మాట. మొగ దగ్గర బోల్తా విషయంలో మాత్రం మీరన్నదే నిజం, బ్యాటరీతో దానికి జవాబు లేదు.

ఉప్పాడ తీరం
చైనా వాకీ చాలా చవక, 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ పట్టుద్ది అంటున్నారు. ఆపదలో పిలిచే ఛానెల్ 16 అంటే 156.8 కదా, అందులోనే ఉంది. అది చాలదా?

అంతర్వేది మొగ
చాలదన్నా. మామూలు చైనా వాకీ నీళ్ళకి ఆగదు, పడితే మునిగిపోద్ది. మెరైన్ సెట్ కొంటే ఐపీఎక్స్ 7 ఉందో లేదో చూడండి. మీటరు లోతులో అరగంట ఉన్నా నీరు పోకూడదని ఆ గుర్తుకి అర్థం. ‘తేలుతుంది’ అని విడిగా రాసి ఉండాలి, ఐపీఎక్స్ 7 ఉన్నవన్నీ తేలవు.

ఇంకో చిక్కుంది. ఆ వాకీల్లో చాలావాటికి నేరో, వైడ్ అని సెట్టింగు ఉంటది. మెరైన్ ఛానెల్‌కి వైడ్ కావాలి. నేరోలో ఉంటే అవతలివాళ్ళకి గొంతు పీలగా వినబడుద్ది. తడిచేత్తో ఒక మీట నొక్కుకుంటే ఫ్రీక్వెన్సీ మారిపోయి, మీరు ఎవరితో మాట్లాడుతున్నారో మీకే తెలీదు. మెరైన్ సెట్లో 16కి విడిగా ఒక మీట ఉంటది, కళ్ళు మూసుకుని నొక్కొచ్చు. సముద్రంలో వాడటానికి లైసెన్సు టెలికాం శాఖ డబ్ల్యూపీసీ నుంచి రావాలి, చైనా వాకీ అందుకు పనికిరాదు.

చిన్న విమానాల పైలట్ల హ్యాండ్ సెట్లు కూడా కొందరు అడుగుతున్నారు, అవీ వద్దు. అవి 118 నుంచి 137 మెగాహెర్ట్జ్‌లో ఏఎం మీద పనిచేస్తాయి. మనది ఎఫ్ఎం. కోస్ట్‌గార్డ్ వాళ్ళు 16 మీద వింటూ ఉన్నా మీ మాట అందదు.

యానాం రేవు
ఇస్రో చేసిన డాట్ (ఆపద కబురు పంపే పెట్టె) ఉంది కదా, ఇక వాకీ ఎందుకు?

జెట్టీ వైరింగ్, కాకినాడ
డాట్ కబురు ఉపగ్రహం మీదుగా కోస్ట్‌గార్డ్‌కి వెళ్తుంది. 2024లో వచ్చిన రెండో తరంలో కబురు అందిందని తిరుగు జవాబు కూడా వస్తుంది, చాలా మంచిది. కానీ రెండు కిలోమీటర్లలో ఉన్న పక్క బోటుకి అది వినబడదు. మొదట వచ్చి పైకి లాగేది ఆ బోటువాళ్ళే. రెండూ ఉండాలండి.

భైరవపాలెం గారికి ఇప్పుడు నా మాట మారుస్తున్నాను. వాకీ కొనండి, కానీ గెడ మీది యాంటెన్నాకి తగిలించే అడాప్టరు కూడా తీసుకోండి. పెద్ద సెట్ కేబులుకి పీఎల్-259 అనే కనెక్టరు ఉంటుంది. వాకీ వైపు ఎక్కువగా ఎస్ఎంఏ, కొన్నిటికి బీఎన్సీ, కొన్నిటికి కంపెనీ సొంత మర. దుకాణంలోనే రబ్బరు యాంటెన్నా విప్పి చూడండి. విప్పడానికి రాని మోడలు అయితే వదిలేయండి. గట్టి అడాప్టరు నేరుగా బిగిస్తే కేబులు బరువుకి సన్నటి ఎస్ఎంఏ విరుగుతుంది. అడుగు పొడవు మెత్తటి వైరుతో ఉన్న ముక్క అడగండి.

గెడ నుంచి 10 మీటర్ల ఆర్‌జీ-58 కేబులు వస్తుంటే సుమారు 2 డీబీ పోతుంది, 5 వాట్లలో 3 పైకి చేరుతాయి. అయినా రబ్బరు ముక్క కంటే నయమే. బ్యాటరీ చచ్చి బోటు నిలబడి ఉంటే గెడ మీది యాంటెన్నాకి, బోల్తా పడితే ఒంటి మీద. ఒక్క వాకీ రెండింటికీ పనికొస్తుంది. కేబులు కొస కోసి చూసినప్పుడు రాగి నల్లగా ఉంటే ఉప్పునీరు లోపలికి ఎక్కినట్టే. మెరిసే రాగి తగిలేదాకా కోసుకుంటూ పోండి, అంత పొడవూ నల్లగా ఉంటే కేబులు మార్చేయండి.

భైరవపాలెం ఫైబర్
జీపీఎస్, ఆపదలో నొక్కే ఎర్ర మీట ఉన్న వాకీ తీసుకోమంటారా?

అంతర్వేది మొగ
స్తోమత ఉంటే తీసుకోండి. ఎర్ర మీట కబురు ఛానెల్ 70 మీద పోతుంది, డీఎస్‌సీ (డిజిటల్ పిలుపు పద్ధతి) ఉన్న సెట్లకే అందుతుంది. మన పక్క బోట్లలో చాలావాటికి అది లేదు. కాబట్టి మీట నొక్కి ఊరుకోకుండా 16 మీద నోటితో చెప్పాలి. మాట్లాడే మీట నొక్కి ఒక సెకను ఆగి మొదలెట్టండి, లేకపోతే మొదటి మాట తెగిపోద్ది. మేడే (ఆపద పిలుపు) మూడుసార్లు, బోటు పేరు మూడుసార్లు, తెరమీది అక్షాంశం రేఖాంశం, ఏమైంది, ఎంతమంది. యాంటెన్నా నిట్టనిలువుగా ఉండాలి. ఎర్ర మీట కబురుతో పాటు పోయే బోటు గుర్తింపు ఎంఎంఎస్ఐ నంబరు చాలా మోడళ్ళలో ఒకటి రెండుసార్లే ఎక్కించనిస్తుంది, తొమ్మిది అంకెలూ సరిచూసుకుని నొక్కండి.

తాడు లైఫ్ జాకెట్‌కి కట్టండి, బోటుకి కాదు.

యానాం రేవు
నిషేధం రెండు నెలలూ వాకీని చార్జరులో వదిలేస్తే బ్యాటరీ ఏమవుద్దండి?

జెట్టీ వైరింగ్, కాకినాడ
ఎండలో, నిండా చార్జితో ఉంటే లిథియం బ్యాటరీ సత్తువ పోతుంది. సగం చార్జిలో ఆపి, చల్లటి చోట పెట్టండి. బయలుదేరే ముందురోజు నింపండి. వేట నుంచి రాగానే మంచినీళ్ళతో కడిగి, చార్జింగు రేకులు తుడవాలి. అక్కడ పచ్చటి చిలుము కనబడితే చార్జి ఎక్కినట్టు దీపం వెలుగుతుంది గానీ ఎక్కదు. డబ్బా మీద ‘పది గంటలు’ అని రాస్తారు. అందులో మాట్లాడేది వందకి ఐదు పాళ్ళే. ఆపదలో అంతకంటే చాలా ఎక్కువ మాట్లాడతారు. ఒక వాటుకి తగ్గించి పక్క బోటు పలికితే అలాగే ఉంచండి.

పరీక్ష 16 మీద చేయకండి. పెద్ద సెట్ ఆపేసి, వాకీని గెడ యాంటెన్నాకి తగిలించి, ఛానెల్ 72లో పక్క బోటుని పిలవండి. తర్వాత రబ్బరు యాంటెన్నాతో మళ్ళీ పిలవండి. ఎంత దూరంలో మాట తెగిందో మీ బోటు లెక్క మీకు వస్తుంది, ఇక్కడ రాయండి.