అప్‌డేట్: కీమో, రేడియేషన్ రెండూ అయిపోయాయి

రొమ్ము క్యాన్సర్‌కి ఆఖరి కీమో దగ్గర పడుతోంది, ఈ వేళ్ల తిమ్మిర్లు, నీరసం ఎప్పటికి తగ్గుతాయని అప్పట్లో అడిగాను కదా. ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ ముందుగా దండాలు.

రేడియేషన్ కూడా పూర్తయింది. అంతా బాగానే ఉందన్నారు డాక్టరుగారు.

తిమ్మిర్లు పాక్లిటాక్సెల్ అనే కీమో మందు వల్ల నరాలు దెబ్బతిని వచ్చినవి. మందు ఆపగానే పోవు, నెలల మీద తగ్గుతాయి, కొందరికి కొంత మిగిలిపోతుంది కూడా. నాకు చేతులు నయం, చొక్కా గుండీలు నేనే పెట్టుకుంటున్నా. అరికాళ్లు మాత్రం ఇంకా దూది మీద నడుస్తున్నట్టే ఉన్నాయి. చెప్పుల్లేకుండా తిరగొద్దన్నారు, దెబ్బ తగిలినా తెలియదు కాబట్టి.

నీరసానికి రోజూ నడవమని ఒకరు రాశారు. లేవలేని మనిషికి ఇదేం సలహా అని ఒళ్లు మండింది! డాక్టరుగారూ అదే చెప్పారు. నడుస్తున్నా, నిజంగానే తేడా ఉంది.

చికిత్స పూర్తిగా ముగిసిందనడానికీ లేదు. నాది హార్మోన్ పాజిటివ్ రకం, అంటే ఒంట్లోని హార్మోన్ల వల్ల పెరిగే క్యాన్సర్. వాటిని అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్రలు కనీసం 5 ఏళ్లు వాడాలి, అవసరమైతే 10. వాటివల్ల ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయి, భరిస్తున్నా.

పోర్టులో (కీమో ఎక్కించడానికి చర్మం కింద పెట్టిన చిన్న పరికరం) సూది గుచ్చే ముందు ప్రతిసారీ "గట్టిగా ఊపిరి పీల్చమ్మా" అని భుజం మీద చెయ్యి వేసే నర్సమ్మకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మా ఆయన సంగతి సరేసరి, రాస్తే ఇక్కడ చోటు చాలదు.

వచ్చే వారం పోర్టు తీసేస్తారు. తీయించుకున్నవాళ్లు ఉంటే నొప్పి ఎలా ఉంటుందో చెప్పరూ?