స్టెప్ టెస్ట్‌లో అమ్మాయిల వీఓ2 మాక్స్ అంతా ఒకచోటే గుంపుగా వస్తోంది, ఎందుకు?

సెకండియర్_తిరుపతి:
అన్నలూ అక్కలూ, ఎంబీబీఎస్ స్టూడెంట్లలో శారీరక శ్రమకూ గుండె ఫిట్‌నెస్‌కూ సంబంధం మీద చిన్న ప్రాజెక్టు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది. శ్రమకు ఐపాక్ షార్ట్ ఫారం (గత ఏడు రోజుల్లో ఎంత శ్రమ చేశారో అడిగే ప్రశ్నావళి), ఫిట్‌నెస్‌కు క్వీన్స్ కాలేజ్ స్టెప్ టెస్ట్ (బెంచీ ఎక్కి దిగాక పల్స్ చూసి వీఓ2 మాక్స్, అంటే శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్, అంచనా వేసేది). ముందు ట్రయల్‌గా చేసిన పైలట్‌లో అబ్బాయిల అంకెలు 35 నుంచి 55 దాకా ఉంటే, అమ్మాయిలవి దాదాపు అన్నీ 33-40 మధ్యే. పైగా ఐపాక్‌లో బాగా శ్రమ చేస్తున్నామని రాసినోళ్లే బెంచీ మీద ఆయాసపడుతున్నారు. బెంచీ ఎందుకు, అలిపిరి మెట్లు ఎక్కిస్తే పోలా అంటున్నారు కొందరు. కుదురుతుందా?

ఫిజియాలజీ_ట్యూటర్:
మొదటిది సూత్రంలోనే ఉంది. అబ్బాయిలకు 111.33 − (0.42 × పల్స్), అమ్మాయిలకు 65.81 − (0.1847 × పల్స్). పల్స్ 140 నుంచి 180కి పెరిగితే అబ్బాయికి 52.5 కాస్తా 35.7 అవుతుంది. అమ్మాయికి 40 నుంచి 32.6కే దిగుతుంది. ఇద్దర్నీ ఒకే గ్రాఫ్‌లో కలపొద్దు.

నాకు అనుమానమంతా పల్స్ లెక్క మీదే. మూడు నిమిషాలు అవగానే నిలబడి ఉండగానే, 5వ సెకను నుంచి 20వ సెకను దాకా లెక్కపెట్టి 4తో గుణించాలి. ఒక్క బీట్ తప్పితే నిమిషానికి 4 తేడా, అబ్బాయి వీఓ2 మాక్స్‌లో 1.7 తేడా. పల్స్ కోసం వెతుక్కుంటూ ఆలస్యంగా మొదలుపెడితే అప్పటికే అది దిగిపోయి, లేని ఫిట్‌నెస్ కనబడుతుంది. మణికట్టు మీద ముందే పెన్నుతో గుర్తు పెట్టుకోండి. మెడ దగ్గర గట్టిగా నొక్కితే కెరోటిడ్ సైనస్ (మెడ ధమనిలో ఒత్తిడిని పసిగట్టే చోటు) వల్ల పల్సే నెమ్మదిస్తుంది.

బెంచీ ఎత్తు 41.3 సెం.మీ. మెట్రోనోమ్ (టిక్ టిక్ అని తాళం కొట్టేది) నిమిషానికి అబ్బాయిలకు 96, అమ్మాయిలకు 88. టిక్‌కు ఒక అడుగు, నాలుగు టిక్కులకు ఒకసారి ఎక్కి దిగడం. పైన మోకాళ్లు పూర్తిగా చాచాలి. సగం వంగి దిగేస్తే పని తగ్గిపోతుంది.

ఇంకోటి, ఎవరూ అడగరు: వైవా భయానికి ప్రొప్రనలాల్ (గుండె వేగం తగ్గించే మందు) వేసుకునేవాళ్లు మీ బ్యాచ్‌లో ఉండొచ్చు. వాళ్ల పల్స్ పెరగదు, కాగితం మీద అథ్లెట్లు అయిపోతారు. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, ఆస్తమా ఉన్నా, బీపీ 140/90 దాటినా అసలు ఎక్కించొద్దు.

చిత్తూరోడు:
హార్వర్డ్ స్టెప్ టెస్ట్ పెట్టుంటే ఈ సూత్రం గొడవే ఉండేది కాదు గదా?

ఫిజియాలజీ_ట్యూటర్:
ఉండదు, కానీ అది ఫిట్‌నెస్ ఇండెక్స్ ఇస్తుంది, వీఓ2 మాక్స్ కాదు. 50.8 సెం.మీ. బెంచీ, నిమిషానికి 30 సార్లు, ఐదు నిమిషాలు. పొట్టిగా ఉన్నవాళ్లకు గుండె కంటే ముందు తొడలు చేతులెత్తేస్తాయి.

ఎస్పీఎం_పీజీ:
రెండో చిక్కు ఐపాక్ నింపడంలో ఉంది తమ్ముడూ. వార్డు పోస్టింగ్‌లో గంటలు నిలబడ్డదాన్ని నడక కింద రాసేస్తారు. నిలబడటం లెక్కలోకి రాదు. ఒక విడతకు కనీసం 10 నిమిషాలు చేసిందే రాయాలి. నడక 3.3, మధ్యస్థం 4, తీవ్రం 8 మెట్లు (ఊరికే కూర్చున్నప్పటి కంటే ఎన్ని రెట్లు శక్తి ఖర్చవుతుందో చెప్పే కొలత, అలిపిరి మెట్లు కాదులే).

అలిపిరి సంగతే చూడు. ఆ వారంలో ఒక్క శనివారం నాలుగు గంటలు కొండెక్కినోడు 240 × 8 = 1920 మెట్-నిమిషాలు రాస్తాడు. నియమం ప్రకారం రోజుకు 180 నిమిషాలకు కుదించాలి, అప్పుడు 1440. 600 దాటింది కదా అని 'మధ్యస్థం'లో వేయొద్దు. దానికి కనీసం మూడు రోజుల తీవ్ర శ్రమో, ఐదు రోజుల ఏదో ఒక శ్రమో ఉండాలి. మిగతా వారమంతా కూర్చునే ఉంటే అతను 'తక్కువ' కేటగిరీయే. అందుకే కేటగిరీనీ స్కోరునూ వేర్వేరుగా చూపించు. స్కోరుకు సగటు కాదు, మీడియన్ (వరసలో పెడితే మధ్యలో వచ్చే విలువ). వీఓ2 మాక్స్‌తో పోల్చడానికి స్పియర్‌మన్ (ర్యాంకులతో సంబంధాన్ని లెక్కించే పద్ధతి).

టెస్టుకు మాత్రం ఆ మెట్లు పనికిరావు. 3550 మెట్లలో ఎత్తులు ఒకేలా ఉండవు, మధ్యలో చదును దారి, మోకాళ్ల మెట్టు దగ్గర నిటారు, జనం అడ్డం. రిథమ్ ఎలా పట్టిస్తావు? ఏప్రిల్, మేలో మధ్యాహ్నం బెంచీ టెస్ట్ కూడా వద్దు, ఎండకే పల్స్ పెరుగుతుంది. అందరికీ పొద్దునే, ఒకే గదిలో, టీ కాఫీ లేకుండా, టిఫిన్ తిన్న రెండు గంటల తర్వాత పెట్టు.

సెకండియర్_తిరుపతి:
థ్యాంక్స్ అన్నా. పల్స్ చేత్తో కాకుండా ఆక్సీమీటర్‌తో చూడొచ్చా?

ఫిజియాలజీ_ట్యూటర్:
వద్దు. అది కొన్ని సెకన్ల సగటు చూపిస్తుంది, గబగబా దిగుతున్న పల్స్‌ను అందుకోలేదు. ఛాతీకి కట్టే బెల్టు మానిటర్ దొరికితే కొందరికి పెట్టి మీ చేతి లెక్కతో పోల్చండి. తేడా తరచూ 4 దాటుతుంటే లెక్కపెట్టేవాళ్లకు ఇంకా ప్రాక్టీస్ కావాలి.